441కీ 114కీ మధ్య

స్కోర్ బుక్‌లో ఒక్కో బంతికి ఒక్కో చుక్కో, అంకో పడుతుంది. పరుగు రాకపోతే చుక్క. ఓవర్‌లో ఆరూ చుక్కలే అయితే వాటిని గీతతో కలిపి ఇంగ్లిష్ ‘ఎమ్’ అక్షరంలా గీస్తాం. అది మెయిడెన్‌కు గుర్తు. మైదానంలో అంపైర్ చెయ్యి ఊపితే, షామియానా కింద టేబుల్ దగ్గర కూర్చున్న మేము చెయ్యెత్తి, చూశామని చెబుతాం. ఒక్కో జట్టుకు ఒక్కో స్కోరర్ చొప్పున ఇద్దరం ఉంటాం. ఓవర్ అయిపోగానే ఒకరికొకరం లెక్క అప్పజెప్పుకుంటాం. తేడా వస్తే అక్కడికక్కడే తేల్చుకోవాలి. తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఒంగోలులో ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. జీతం కోసం బళ్లో లెక్కలు చెబుతాను. సెలవు దొరికితే గ్రౌండ్‌లో లెక్కలు రాస్తాను. అండర్-14 జిల్లా మ్యాచ్‌లు, అండర్-16 సెలెక్షన్లు, లీగ్ మ్యాచ్‌లు, దేనికి పిలిస్తే దానికి వెళ్తాను. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటుంది. మర్నాడు పేపర్‌లో వచ్చే అంకె ఆ కుర్రాడి గురించి చెప్పేది చాలా తక్కువ. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పడానికి మన ఆంధ్రా ఆల్‌రౌండర్ నితీష్ కుమార్ రెడ్డి కథ ఎత్తుకుంటున్నాను. అతని పేరు చెప్పగానే అందరూ మెల్‌బోర్న్ టెస్టులో చేసిన 114 అంటారు. క్రికెట్‌ని కాస్త దగ్గరగా చూసేవాళ్లయితే చిన్నప్పటి 441 కూడా చెబుతారు. ఆ రెండు అంకెలకీ మధ్య ఏడేళ్లున్నాయి. దేశవాళీ క్రికెట్ అంటే ఏమిటో తెలియాలంటే చూడాల్సింది ఆ ఏడేళ్లని.

ముందు 441 సంగతి. 2017-18 సీజన్‌లో విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఆంధ్రా కుర్రాళ్లు నాగాలాండ్‌తో ఆడారు. రాష్ట్రాల అండర్-16 జట్ల మధ్య దేశమంతటా జరిగే టోర్నీ అది. పద్నాలుగేళ్ల నితీష్ ఆ మ్యాచ్‌లో 345 బంతులాడి 441 పరుగులు చేశాడు. ఆ స్కోర్ బుక్ నేను రాసింది కాదు. కానీ స్కోరర్ కన్ను ముందు 441 మీద పడదు, 345 మీద పడుతుంది. అంటే 57 ఓవర్ల మూడు బంతులు ఆ పిల్లాడొక్కడే ఎదుర్కొన్నాడు. పద్నాలుగేళ్ల వయసులో అంతసేపు క్రీజ్‌లో నిలబడటమే ఒక విద్య. ఎదురుగా ఉన్నది అప్పుడప్పుడే ఈ ఆటలోకి అడుగుపెడుతున్న జట్టు కదా అని ఎవరైనా అనొచ్చు. అది నిజమే. అందుకే మిగతా పరుగులు కూడా చూడాలి. ఆ సీజన్‌లో అతను చేసినవి మొత్తం 1,237. అందులోంచి 441 తీసేసినా ఇంకా 796 మిగులుతాయి. సగటు 176కి పైనే. వీటికి తోడు 26 వికెట్లు. నాకు 441 కన్నా ఈ 26 ముఖ్యంగా కనిపిస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ అండర్-16 ఆటగాడిగా బీసీసీఐ అతనికి జగ్‌మోహన్ దాల్మియా పేరిట ఇచ్చే అవార్డు ఇచ్చింది. అది అందుకోవడానికి బెంగళూరు వెళ్లిన రోజున విరాట్ కోహ్లీతో ఒక ఫొటో దిగాలని ఎంత తాపత్రయపడ్డాడో తర్వాత అతనే చెప్పుకున్నాడు. తాను పెద్దాడై టీమిండియాలోకి వచ్చేసరికి కోహ్లీ ఉంటాడో ఉండడో అని ఆ పిల్లాడి బెంగ.

కుర్రాడు విశాఖపట్నం వాడు, గాజువాక వైపు. 2003 మే 26న పుట్టాడు. తండ్రి ముత్యాలరెడ్డి గారు హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగి. విశాఖలో ఫ్యాక్టరీ మూతపడ్డాక రాజస్థాన్‌లోని ఉదయపూర్‌కు బదిలీ వచ్చింది. వెళ్తే కొడుకు క్రికెట్ ఏమవుతుందో తెలియదు. భాష, మనుషులు, గ్రౌండ్‌లు, కోచ్‌లు అన్నీ కొత్త. ఆయన వెళ్లలేదు, ఉద్యోగం వదిలేశారు. తర్వాత పెట్టిన వ్యాపారం కలిసి రాలేదు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది మొదలైంది. ఒకరోజు నాన్న ఏడవడం చూశాననీ, అప్పటిదాకా ఆటను తేలిగ్గా తీసుకున్న తాను ఆ రోజు నుంచి గట్టిగా పట్టుకున్నాననీ నితీష్ తర్వాత ఒక వీడియోలో చెప్పాడు. తన మొదటి జెర్సీ తెచ్చి నాన్న చేతిలో పెట్టాడట.

ఇది చదివి కళ్లు తుడుచుకోవడం సులువు. కానీ ఇందులో ఎంత ప్రమాదముందో నాకు తెలుసు. జిల్లా సెలెక్షన్లకు వచ్చే తండ్రుల్ని నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. ఉద్యోగం వదిలినవాళ్లున్నారు, అరెకరం అమ్మినవాళ్లున్నారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు టీవీలో కనిపించలేదు. ముత్యాలరెడ్డి గారి నిర్ణయాన్ని ఇవాళ మెచ్చుకుంటున్నాం కానీ, ఆ రోజు ఆయన చేతిలో ఏ హామీ లేదు. కొడుకు అప్పటికింకా చిన్నపిల్లాడు.

హామీ లేకపోయినా నిచ్చెన ఉంది. అది ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు అదే తెలియదు. ముందు జిల్లా జట్టు. ఆంధ్రాలో జిల్లాల్ని మూడు జోన్లుగా చేశారు. జిల్లా నుంచి జోన్‌కు, జోన్ నుంచి రాష్ట్ర జట్టుకు వెళ్లాలి. రాష్ట్రానికి అండర్-16 ఆడితే విజయ్ మర్చంట్ ట్రోఫీ. అండర్-19లో ఒక రోజు మ్యాచ్‌లకు వినూ మన్కడ్, నాలుగు రోజుల మ్యాచ్‌లకు కూచ్ బెహార్. ఆ పైన అండర్-23కి సి.కె. నాయుడు ట్రోఫీ. భారత టెస్ట్ జట్టుకు తొలి కెప్టెన్ అయిన ఆ నాయుడు గారు మన తెలుగువారి బిడ్డే. నాగపూర్‌లో పుట్టి పెరిగినా, రంజీలోకి కొత్తగా వచ్చిన ఆంధ్రా జట్టుకు 1953-54లో ఆడారు. ఇవన్నీ దాటాక రంజీ ట్రోఫీ. దానితో పాటు విజయ్ హజారే, సయ్యద్ ముస్తాక్ అలీ. ప్రతి మెట్టు మీదా వడపోతే. అండర్-16 దగ్గర ఇంకొకటి ఉంది. వయసు మోసాలు ఆపడానికి కుర్రాడి ఎడమ మణికట్టుకు ఎక్స్‌రే తీస్తారు, ఎముకల ఎదుగుదలను బట్టి వయసు లెక్కగడతారు. ఆ ఎక్స్‌రే దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చూశాను. కొందరు నిజంగానే త్వరగా ఎదిగినవాళ్లు. వాళ్ల తప్పేమీ లేదు.

నితీష్‌ని చిన్నతనంలోనే గుర్తుపట్టినవాళ్లలో ఎమ్మెస్కే ప్రసాద్ ఒకరు. గుంటూరు జిల్లా నుంచి వెళ్లి భారత్‌కు వికెట్ కీపింగ్ చేసి, తర్వాత జాతీయ సెలెక్టర్ల కమిటీకి అధ్యక్షుడైన మనిషి. ఆంధ్రా క్రికెట్ సంఘం కడపలో నడిపిన అకాడమీలో చేరాక నితీష్‌కు ఆట, చదువు, తిండి, పడక ఒకే చోట కుదిరాయి. ఆ కుటుంబానికి అది ఎంత పెద్ద ఊరటో డబ్బు లెక్కలు తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. మంచి ఇంగ్లిష్ విల్లో బ్యాటుకే వేలకు వేలు పొయ్యాలి. ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్, షూస్ వేరే. ఎదిగే పిల్లాడికి షూస్ ఆరు నెలలకే ఇరుకవుతాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో అండర్-14 సెలెక్షన్ మ్యాచ్‌లు జరిగాయి. చీరాల వైపు నుంచి ఒక మగ్గం నేసే మనిషి కొడుకుని తీసుకుని తెల్లవారుజాము బండికి వచ్చేవాడు. మొదటి మ్యాచ్‌లో పిల్లాడు 80 దాకా చేశాడు. రెండో దాంట్లో సున్నా. మ్యాచ్ అయ్యాక ఆ తండ్రి నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“సార్, మావోడు ఎట్టా అవుటయ్యాడో మీ పుస్తకంలో రాసుంటది గదా?”

“ఉంటది. ఎందుకయ్యా?”

“ఒక్కసారి చూపియ్యండి. రాసుకుంటా.”

చూపించాను. పదకొండు బంతులు. పది చుక్కలు, పదకొండోది వికెట్. పదిట్లో ఆరు ఒకే స్పిన్నర్ వేసినవి. వికెట్ తీసింది కూడా అతనే, స్టంపింగ్. ఆయన జేబులోంచి బస్సు టికెట్ తీసి, వెనక వైపు చిన్నచిన్న అక్షరాలతో ఆ పదకొండూ వరసగా రాసుకున్నాడు. “స్పిన్నుకి ముందుకు పోతన్నాడు సార్, అదే తప్పు” అన్నాడు. ఆయన జీవితంలో బ్యాటు పట్టి ఉండడు. కొడుకు ఏ మ్యాచ్‌లో ఎలా అవుటయ్యాడో మాత్రం ఆయనకు కంఠతా వచ్చు. ఆ అబ్బాయి ఇప్పుడు డిగ్రీ చదువుతూ లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నాడు. రాష్ట్ర జట్టుకు ఇంకా వెళ్లలేదు. స్పిన్ మాత్రం బాగా ఆడతాడు.

మళ్లీ నితీష్ దగ్గరికి వస్తాను. 2020 జనవరి 27న మా ఒంగోలు సి.ఎస్.ఆర్. శర్మ కాలేజీ గ్రౌండ్‌లో కేరళతో ఆంధ్రా రంజీ మ్యాచ్ మొదలైంది. నితీష్ తొలి రంజీ అదే. అప్పటికతని వయసు పదహారేళ్ల ఎనిమిది నెలలు. ఇంటర్ పిల్లాడు మీసాలు గట్టిపడ్డ మగవాళ్లతో ఆడటమన్నమాట. అండర్-16లో బౌలర్ వేసే చెత్త బంతి కోసం కాచుకుంటే సరిపోతుంది, ఓవర్‌కొకటైనా వస్తుంది. రంజీలో అది గంటకొకటి రావచ్చు. అదీ మీ ఓపిక పరీక్షించాక.

అదే గ్రౌండ్‌కు ఇంకో చరిత్ర ఉంది. 2015 ఫిబ్రవరిలో గోవా మీద విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్ అక్కడ 308 కొట్టాడు. రంజీలో ఒక వికెట్ కీపర్ ట్రిపుల్ సెంచరీ చేయడం అదే మొదటిసారి. ఆ పేరు దేశమంతా మోగింది. మరి భరత్ టెస్ట్ క్యాప్ అందుకున్నది ఎప్పుడు? 2023 ఫిబ్రవరి 9న, నాగపూర్‌లో. ఎనిమిదేళ్లు! ఆ ఎనిమిదేళ్లూ అతను వికెట్ల వెనక వంగి లేచి, వంగి లేచి, రాష్ట్రానికీ ఇండియా-ఎ జట్టుకూ ఆడుతూనే ఉన్నాడు.

నితీష్ దారి కూడా నున్నగా లేదు. 2022 అండర్-19 ప్రపంచ కప్‌కు అతని వయసు సరిపోతుంది. జట్టులో పేరు లేదు. ఆ జట్టుకు వైస్ కెప్టెన్ మన గుంటూరు షేక్ రషీద్. వెస్టిండీస్‌లో కోవిడ్ బారిన పడి కోలుకుని, ఆస్ట్రేలియా మీద సెమీఫైనల్లో 94, ఇంగ్లండ్ మీద ఫైనల్లో 50 చేసి కప్పు తెచ్చినవాళ్లలో ఒకడయ్యాడు. ఆ రషీద్‌ని కూడా చెన్నై జట్టు 20 లక్షలకు తీసుకుని, ఐపీఎల్‌లో తొలి మ్యాచ్ ఆడించింది 2025 ఏప్రిల్‌లో. ప్రపంచ కప్ గెలిచాక మూడేళ్లకు. ఎవరి వరస వాళ్లది. ముందు వెలిగినవాడు ఆగాల్సి వస్తుంది, వెనక ఉన్నవాడు ముందుకొస్తాడు.

రంజీలో నితీష్ అంకెలు చూస్తే చాలామంది నమ్మరు. అండర్-16లో 176 సగటు తెచ్చుకున్న పిల్లాడు ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఇరవై మ్యాచ్‌లాడేసరికి బ్యాటింగ్ సగటు పాతిక లోపే ఉంది. మా టేబుల్ భాషలో చెప్పాలంటే చుక్కలు పెరిగాయి, ఫోర్లు తగ్గాయి. కింది వరసలో దిగేవాడు. మనవాళ్లలో చాలామంది ఇక్కడే తొందరపడతారు. “వీడి పని అయిపోయింది, చిన్నప్పుడే ఆడేశాడు” అనేస్తారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, ఎంతమంది మీద విన్నానో! పదహారేళ్ల పిల్లాడి వెనకాల నిలబడి అలాంటి మాట అనకూడదు. అది వాడి చెవిన పడుతుంది.

అదే పుస్తకంలో రెండో పేజీ తిప్పితే బౌలింగ్ లెక్క ఉంటుంది. ఆ ఇరవై మ్యాచ్‌లకే అతను 50 దాటి వికెట్లు తీశాడు. పరుగులు రానప్పుడు అతన్ని జట్టులో నిలబెట్టింది బంతి. అండర్-16లో ఆ 26 వికెట్లు ముఖ్యమన్నది ఇందుకే. ఉదయం తొమ్మిదిన్నరకు కొత్త బంతి అందుకుని, ఎండలో స్పెల్ మీద స్పెల్ వేసి, సాయంత్రం అలసిన కాళ్లతో బ్యాటు పట్టుకుని నడిచే కుర్రాడు నేర్చుకునేది టీవీలో చూసేవాళ్లకు కనిపించదు. చాలా రంజీ మ్యాచ్‌లకు టీవీ రాదు కూడా. వందమంది చూస్తే గొప్ప. అందులో సగం మంది ఆటగాళ్ల బంధువులు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న అదే. 2021లో బీసీసీఐ ఫీజులు పెంచింది. రంజీలో కొత్తవాడికి తుది జట్టులో ఉంటే రోజుకు 40,000, నలభై మ్యాచ్‌లు దాటినవాడికి 60,000. బయట కూర్చుంటే సగం. అండర్-23 వాళ్లకు 25,000, అండర్-19కి 20,000. అంటే నాలుగు రోజుల రంజీ మ్యాచ్ ఒక్కటి ఆడితే కొత్త కుర్రాడికి లక్షా అరవై వేలు. ఇది మంచి సొమ్మే. అయితే ఒక్క రాష్ట్రం నుంచి ఆడేది పదకొండు మంది. ఆ పదకొండులోకి చేరేదాకా ఇల్లే ఖర్చు పెట్టాలి.

2022 డిసెంబర్ వేలంలో హైదరాబాద్ సన్‌రైజర్స్ నితీష్‌ని 20 లక్షల కనీస ధరకు కొన్నది. మరుసటి సీజన్‌లో రెండే మ్యాచ్‌లు ఆడించారు. బ్యాటు పట్టే అవకాశం రాలేదు. మళ్లీ రంజీకి వెళ్లాడు. 2024 ఫిబ్రవరిలో ఇండోర్‌లో జరిగిన క్వార్టర్ ఫైనల్లో ఆంధ్రా 170 కొడితే గెలిచేది. 165 దగ్గర అందరూ అవుటై, మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో పోయింది. ఆ నాలుగు పరుగులు నాకింకా గుచ్చుకుంటూనే ఉన్నాయి. హైదరాబాద్ రెండుసార్లు రంజీ గెలిచింది, ఆంధ్రా ఇప్పటికీ ఫైనల్ కూడా చూడలేదు.

ఆ తర్వాత నెలన్నరకు, ఏప్రిల్ 9న, ముల్లన్‌పూర్‌లో పంజాబ్ మీద సన్‌రైజర్స్ వికెట్లు వరసగా పడుతుంటే నితీష్ 37 బంతుల్లో 64 కొట్టాడు. జట్టు రెండు పరుగులతో గట్టెక్కింది. ఆ సీజన్‌లో 303 పరుగులు చేసి, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు అందుకున్నాడు. జింబాబ్వే టూర్‌కు పిలుపొచ్చింది కానీ గాయంతో వెళ్లలేకపోయాడు. అక్టోబర్‌లో బంగ్లాదేశ్ మీద గ్వాలియర్‌లో తొలి టీ20, ఢిల్లీలో రెండోది. ఆ రెండో దాంట్లో 34 బంతుల్లో 74, రెండు వికెట్లు. నవంబర్ 22న పెర్త్‌లో టెస్ట్ క్యాప్. అది అతని చేతికిచ్చింది విరాట్ కోహ్లీ. బెంగళూరులో ఫొటో కోసం బెంగపడ్డ పిల్లాడికి అంతకన్నా ఏం కావాలి.

ఆస్ట్రేలియాతో మెల్‌బోర్న్ టెస్ట్ మీరూ చూసే ఉంటారు. 2024 డిసెంబర్ 28. భారత్ 191కి ఆరు వికెట్లు పోగొట్టుకుని ఫాలో ఆన్ ఆడాల్సి వస్తుందా అనుకుంటున్న వేళ అతను ఎనిమిదో నంబర్‌లో దిగాడు. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. నితీష్ 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులూ కాచుకున్నాడు. ఆ మూడూ స్కోర్ బుక్‌లో మూడు చుక్కలే. ఆ మూడు చుక్కల కన్నా విలువైన చుక్కలు ఆ రోజు ఆ పుస్తకంలో లేవు. తర్వాత ఓవర్‌లో నితీష్ బోలాండ్ బంతిని గాల్లోకి లేపి ఫోర్ కొట్టి, మోకాలి మీద కూర్చుని, బ్యాటు నేలకు ఆనించి, దాని పిడికి హెల్మెట్ తొడిగాడు. గ్యాలరీలో ముత్యాలరెడ్డి గారు చేతులు జోడించి ఏడుస్తున్నారు. ఆ మ్యాచ్ మనం 184 పరుగులతో ఓడిపోయాం. అయినా ఆ సెంచరీ 171 బంతులాడి చేసినదని గుర్తుపెట్టుకోవాలి. పద్నాలుగేళ్లప్పుడు 345 బంతులు నిలబడ్డవాడే, ఇరవై లోపు స్కోర్లతో వెనక్కి నడిచివచ్చిన రంజీ రోజుల్ని కూడా మోసుకుని, అక్కడ నిలబడ్డాడు.

మీ అబ్బాయి ఈ ఏడు జిల్లా సెలెక్షన్లకు వెళ్తుంటే మీకు రెండు మాటలు చెబుతాను. మ్యాచ్ అయ్యాక ఎన్ని కొట్టావని మాత్రమే అడగొద్దు. ఎన్ని బంతులాడావని అడగండి, ఎవరి బౌలింగ్‌లో ఇబ్బందిపడ్డావని అడగండి. వాడు చెప్పలేకపోతే మా టేబుల్ దగ్గరికి రండి, చూపిస్తాం. చదువు మాత్రం ఆపించొద్దు. ఇక మీ ఊళ్లో, పక్క ఊళ్లో రంజీ మ్యాచ్ పడితే ఒక్క పూటైనా వెళ్లి కూర్చోండి. టికెట్ అక్కర్లేదు, గేటు తీసే ఉంటుంది.